గోదాములో ముత్తుప్పేచ్చి గొంతు

విజయదశమి నాడు పొద్దున ముత్తుమారికి మాట పడిపోయింది.

పుట్టినప్పటి నుంచీ నోట మాట లేని పిల్లకి మాట పడిపోవడమేమిటని ఎవరైనా అడగవచ్చు. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఆ తెలుగు సందువాళ్ళు మాత్రం అడగరు. పదకొండేళ్ళ ఆ పిల్లకి కాళ్ళు నిలవవు, వేళ్ళు విచ్చుకోవు, మెడ తనకి బుద్ధి పుట్టినప్పుడే నిటారుగా ఉంటుంది. అయినా సందు మొత్తానికి పెద్ద నోరు దానిదే. ఆ నోరు గోడవారన బల్ల మీదుండే పాత కంప్యూటరు. దాని కీబోర్డుకి అట్ట తొడిగి, పిడికిలి పట్టేంత కంతలు కోసి, కంతకొక అగ్గిపెట్టె లేబిలు అంటించారు. కుండ బొమ్మ దగ్గర గుద్దితే నీళ్ళు కావాలని, గంట బొమ్మ దగ్గర గుద్దితే ఆకలని, పులి దగ్గర గుద్దితే ఒంట్లో ఎక్కడో నొప్పి అని అర్థం.

ఆ పొద్దున తల్లి పాండియమ్మాళ్ పిల్లని గోడకి జారగిలేసి కూర్చోబెట్టి, రాత్రంతా పూజలో ఉంచిన ఆ మాటల ఫ్లాపీ తీసి కళ్ళకద్దుకుని మిషన్లో దోపింది. మిషను గరగరమని, ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. తెర మీద తెల్లటి అక్షరాలేవో వచ్చి నిలబడ్డాయి. ముత్తుమారి కుండ మీద గుద్దింది. చప్పుడు లేదు. గంట మీద గుద్దింది. పులి మీద గుద్దింది. తర్వాత బొమ్మ చూడకుండా అట్టంతా గుద్దుతూ పోయింది. పాండియమ్మాళ్ రెండో ఫ్లాపీ పెట్టింది. అదీ కీచుమంది. పిల్ల గుద్దడం ఆపి తల్లి వైపు తల తిప్పి చూసింది. ఆ చూపుకి పాండియమ్మాళ్ స్టవ్వు మీద పాలు పొంగుతుంటే అలాగే వదిలేసి బృంద ఇంటికి పరిగెత్తింది.

బృంద పుదూరు దగ్గర నల్లరేగడి చేలున్న ఇంటి పిల్ల. బజారులో ఒక కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెబుతూ పక్క వీధిలో అద్దెకుంటోంది. ఈ మాటల ప్రోగ్రాము రాసిందీ, అట్టకి కంతలు కోసిందీ తనే. వచ్చి ఫ్లాపీ తీసి వెలుతురులోకి పట్టి చూసింది. పక్కనుండే రేకుని వేలితో జరిపి లోపలికి చూసింది.

"అక్కా, ఇదేమి లోపల?"

"సందనం, టీచర్."

"సందనమా!"

"నిన్న ఆయుద పూజ కదమ్మణీ. కూరలు తరిగే అరివామనకి, కత్తెరకి, స్టవ్వుకి, అన్నిటికీ సందనం కుంకుమ పెట్టినాను. దీనికి పైన పెడితే ఏమి లాబం? అత్త ఉండేది లోపల కదా. అందుకే రేకు జరిపి లోపల పెట్టినాను."

"రెండిటికీనా?"

"ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుండా ఉంటారా?"

బృందకి కోపం నోటిదాకా వచ్చింది. కాని తన సెంటర్లో పిల్లలు నిన్న ప్రతి తెరకీ నిలువు బొట్టు పెట్టి, హారతి పట్టి, బొరుగులు బెల్లం పంచితే తనూ తిన్నది. ఎవరిని తిట్టేది? బల్ల అంచున కూలబడి, చీర చెంగుతో ఆ పలుచటి బిళ్ళని తుడవబోయి మానుకుంది.

"ఈ ఫ్లాపీలు ఇంక పనికి రావక్కా. నా దగ్గరుండేవి ఎప్పుడో బూజు పట్టి పోయినాయి. నువ్వు బయపడొద్దు. నెట్‌లో ఒక గోదాము ఉండాది. విదేశంలో పెద్ద చదువుల చోట వాల్లు పెట్టినారు, పాత ప్రోగ్రాములన్నీ చేర్చి. ఇది రాసిన కొత్తల్లోనే అవ్వ గొంతుతో సహా ఆడ ఏసినాను. ఎవురడిగినా ఊరికే ఇస్తారు."

"మా అత్త విదేశంలో ఉండాదా!" అంది పాండియమ్మాళ్. పోయిన ప్రాణం సగం వెనక్కి వచ్చింది.

అత్త అంటే ముత్తుప్పేచ్చి. ఆమె పోయి మూడేళ్ళయింది గాని, పోయినట్టు కోడలికి ఒక్కరోజైనా తెలిస్తే కదా! బృంద మైకు పట్టుకుని "అవ్వా, నీల్లు అని ఒక్క మాట చెప్పు చాలు" అని ఎంత బతిమాలినా ఆ ముసలామె వినలేదు. తనకి నోరెలా అలవాటో అలాగే చెప్పింది. అందుకని ఆ ఇంట్లో పిల్లకి దాహమేసినప్పుడల్లా పెట్టెలోంచి "ఏమే పాండీ, నీల్లు తే! గొంతు ఎండిపోతుండాది!" అని అత్త గొంతు ఖంగుమంటుంది. ఆకలేస్తే, "ఆకిలి అయితాది, ఇంగా ఉడకలేదా నీ కూడు?" నొప్పి అయితే, "నొప్పి! యాడ అని అడుగు, నిలబడి చూడొద్దు!" అగ్గిపెట్టెల కంపెనీలో పొద్దంతా చట్రంలో పుల్లలు పేర్చి వేళ్ళు పడిపోయి ఇంటికొస్తే, చచ్చినా ఈమె అధికారం తగ్గలేదే అని పాండియమ్మాళ్ సణుక్కునేది. సణుక్కుంటూనే "ఇదో వస్తి అత్తా" అని లేచేది. ఆ మాట నోటికి అలా పట్టేసింది. సందులో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ముత్తుమారికి అది ఇంకా సరదా. దాహం లేకపోయినా తల్లి కూర్చున్నప్పుడే చూసి కుండ మీద గుద్దేది.

ఏనుగు బొమ్మ సంగతి వేరు. అక్కడ సంతోషం అని చెప్పమంది బృంద. ముత్తుప్పేచ్చి "సంతోసం అంటే ఏమి చెప్పేదే?" అని అడిగి పకపకా నవ్వింది. బృంద ఆ నవ్వుని తీసేయకుండా అలాగే ఉంచింది. వారానికొకసారి ఇంటికొచ్చే ఆమె కొడుకు, పాండియమ్మాళ్ మొగుడు మారిసామి గడపలో చెప్పులు విడిచీ విడవగానే కూతురి దగ్గర కూర్చుని "ఏనుగు కొట్టు తాయీ" అనేవాడు.

బ్రౌజింగ్ సెంటర్లో చెక్క గదులు కట్టి ఉన్నాయి. బృంద పక్కన పాండియమ్మాళ్ ఇరుక్కుని కూర్చుంది. పేజీ పైనుంచి కిందికి తెర మీద కొంచెం కొంచెంగా దిగుతోంది. బృంద ముఖం చూస్తే చాలు, ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది.

"ఇట్ల లేదే. పేర్లు మాత్రం వరసగా ఉండె. నొక్కితే వస్తుండె."

ఇప్పుడు అక్కడ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న దొరలూ దొరసానులూ ఉన్నారు. పైన కొత్త పేరుంది. చదువుల చోటు వాళ్ళు గోదాముని నడపలేక ఒక కంపెనీకి ఇచ్చేశారట. బృంద వెతికింది. తను పెట్టిన పేరు, అవ్వ, అక్కడే ఉంది. పాండియమ్మాళ్ చేతులు జోడించింది. బృంద నొక్కింది. సభ్యులకి మాత్రమే అని వచ్చింది. తన పాత పేరూ రహస్యపు మాటా కొట్టింది. పాత సభ్యత్వాలు రద్దు అని వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. తన ఇంటి తలుపు తీసి ఎవరో కొత్తవాడు "ఎవరు కావాలి?" అని అడిగినట్టుంది బృందకి.

"ఏమి చెప్పుతుండారు టీచర్?"

"మనల్ని లోపలికి రావద్దంటుండారక్కా."

"యజమాని మారితే తాళం మారుస్తారు, అది సరి. మా ఇంటాయప్ప మూటలు మోసే గోదాములో కూడా మార్చినారు. అట్లని మనం పెట్టిన మూట మనకియ్యరా?"

బృంద వాళ్ళకి ఉత్తరం కొట్టింది. ఇది నేను రాసిన ప్రోగ్రాము, ఒక పిల్లకి మాట ఇదొక్కటే, దయచేసి ఇవ్వండి అని. మరునాడు జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. గోదాముతోపాటు అందులోని సరుకంతా తమదేననీ, ఆ ప్రోగ్రాము ఆమే రాసినట్టు తమ దగ్గర ఆధారమేదీ లేదనీ, నమోదు చేసుకున్న కాలేజీలకి మాత్రం వాడుకునే వీలుందనీ, తమను ఎంచుకున్నందుకు కృతజ్ఞతలనీ రాశారు. బృంద దాన్ని తెలుగు చేసి పాండియమ్మాళ్‌కి చెప్పింది గాని, చివరి మాట మింగేసింది.

ఈలోపల ఇంట్లో పిల్ల అవస్థ చూడాలి. పిడికిలి కణుపులు ఎర్రగా కందిపోయాయి. మిషను ఆపేసి ఉన్నా గుద్దడం మానదు. పాండియమ్మాళ్ నీళ్ళు పడితే మూతి బిగిస్తుంది. అన్నం పెడితే తల తిప్పుకుంటుంది. పక్కకి పడుకోబెడితే మూలుగుతుంది. ఏది కావాలో తెలియదు. ఇన్నాళ్ళూ అత్త చెబితే తను చేసింది. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేక తల్లి ఒకవైపూ పిల్ల ఒకవైపూ గోడకి అటూ ఇటూ నిలబడ్డట్టుంది. నా చేత్తో నేనే పిల్ల నోట సందనం కుక్కితిని కదా అని పాండియమ్మాళ్ వంటచెరకు పక్కన కూర్చుని ఏడ్చింది.

విరుదునగర్‌లో బృంద చదివిన కాలేజీలో రామానుజం సారుకి ఫోను చేస్తే, తమ కాలేజీ నమోదు చేసుకునే ఉందనీ, రమ్మనీ చెప్పారు. పాండియమ్మాళ్ కంపెనీలో సెలవడిగి, పిల్లని చంకనేసుకుని బస్సెక్కింది. ఎత్తుకున్నకొద్దీ జారిపోయే బరువు ముత్తుమారి. సాత్తూరు దాటేదాకా పిడికిలితో తల్లి భుజం మీద గుద్దుతూనే ఉంది. బృంద ఒడిలో అట్ట తొడిగిన కీబోర్డు ఉంది. దాన్ని చూసి కండక్టరు ఇదేమి ఆట అని తమిళంలో అడిగితే, ఆట కాదు నోరు అని పాండియమ్మాళ్ తమిళంలోనే విసుక్కుంది.

రామానుజం సారు జుట్టు నెరిసిన సన్నటి మనిషి. ల్యాబులో పిల్లని చూడగానే ఫ్యాను కింద కుర్చీ లాగి, తువ్వాలు మడిచి మెడకి దన్ను పెట్టారు. "మా ఇంట్లోనూ తెలుగే, కూర్చోమ్మా" అన్నారు. పాండియమ్మాళ్ కూర్చోలేదు. తెర మీద కాలేజీ పేరు కొట్టగానే గోదాము తలుపు తీసుకుంది. ఎంత సులువుగా తీసుకుందో చూసి బృందకి ఒళ్ళు మండింది. అవ్వ దిగింది. బృంద అట్ట కీబోర్డు తగిలించి, పిల్ల ముందు పెట్టి, "కొట్టు తాయీ" అంది.

ముత్తుమారి మెడ నిలబెట్టింది. పిడికిలి ఎత్తి కుండ మీద గుద్దింది.

"వాటర్," అంది పెట్టె.

ఎవరో కుర్రపిల్ల. సన్నగా, మెత్తగా, ఇంగ్లీషులో. రైలు వేళలు చెప్పే గొంతులా ఉంది. ముత్తుమారి ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది, ఎవరైనా వచ్చారా అని. మళ్ళీ గుద్దింది. "వాటర్." గంట మీద గుద్దితే "ఫుడ్." పులి మీద గుద్దితే "పెయిన్," అదీ నవ్వుతున్నట్టే. చివరికి ఏనుగు మీద గుద్దింది. "హ్యాపీ," అంది ఆ గొంతు. పిల్ల పిడికిలి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత మెల్లిగా ఒళ్ళోకి వాలిపోయింది.

బృంద మీటలు టకటకా కొట్టి లోపలి ఫైళ్ళన్నీ తెరిచి చూసింది. మొదటి పేజీలో తన పేరూ, కోవిల్‌పట్టి పేరూ, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చన్న మాటా ఉండాలి. అవి లేవు. కంపెనీ పేరుంది. గోదాము పేజీలో కిందెక్కడో చిన్న అక్షరాలతో ఒక మాట ఉంది. సారు అద్దాలు సర్దుకుని చదివి, చదివినది చెప్పడానికి ఇబ్బంది పడ్డారు.

"ప్రాంతీయ బాసల్లో ఉండిన శబ్దాలు నాణ్యత లేక తీసేసినామని వేసినారు. దాచిపెట్టలేదంట."

"అంటే?" అంది పాండియమ్మాళ్.

"అవ్వ గొంతు బాగలేదని పారేసినారక్కా," అంది బృంద. చెబుతూనే ఏడ్చేసింది.

పాండియమ్మాళ్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది.

"మా అత్త గొంతు బాగలేదని చెప్పేకి వీల్లెవురు? అది నేను చెప్పాల! ఇన్నేండ్లు పడింది నేను! వీల్లని ఒక మాట అన్నాదా ఆమె?"

ఆమె అరుపుకి పక్క గదిలో పిల్లలు తొంగి చూశారు. సారు వాళ్ళని పొమ్మని చెయ్యి ఊపారు. కంపెనీకి గట్టిగా రాస్తానన్నారు. రాయడానికి కూర్చున్నారు కూడా. కాని పారేసినదాన్ని వాళ్ళు మాత్రం ఎక్కడ నుంచి తెచ్చి ఇస్తారో ఆయనకీ తెలియదు.

మధ్యాహ్నం మారిసామి వచ్చాడు. విరుదునగర్ గోదాముల్లో మూటలు మోస్తాడు. బస్సు దిగగానే టెలిఫోను బూత్ నుంచి కబురు పెట్టింది పాండియమ్మాళే, అమ్మ గొంతు దొరుకుతోంది, వచ్చి విను అని. నెత్తికి చుట్టుకున్న గోనెపట్టా తీసి చేత్తో పట్టుకుని, ఒంటి నిండా మిరపకాయల ఘాటుతో తలుపు దగ్గర నిలబడి తుమ్మాడు. ల్యాబులోకి చెప్పులతో రావచ్చో లేదో తెలియక బయటే విడిచాడు. వచ్చీ రాగానే కూతురి ముందు కూర్చుని ఎప్పటిలాగే అన్నాడు.

"ఏనుగు కొట్టు తాయీ."

ముత్తుమారి కొట్టలేదు. పాండియమ్మాళ్ జరిగినదంతా చెప్పింది, సందనం దగ్గర నుంచీ. తిడతాడేమో అనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. అతను గోనెపట్టా మడతలు పెడుతూ, విప్పుతూ, మళ్ళీ పెడుతూ కూర్చున్నాడు.

"నవ్వు కూడా పోయెనా?" అన్నాడు చివరికి.

ఆమె తల ఊపింది. అతను పట్టాని పక్కన పెట్టి, "అమ్మ ఏమేమి చెప్పుతుండె? నాకు ఏనుగుది మాత్రమే గుర్తుండాది. మిగతావి నేను సరిగా వినలేదే," అన్నాడు.

వినవలసినదంతా ఎవరు విన్నారో గదిలో అందరికీ ఒక్కసారే తట్టింది. బృంద కళ్ళు తుడుచుకుని పాండియమ్మాళ్ వైపు తిరిగింది. "అక్కా, ప్రోగ్రాము మన చేతిలో ఉండాది. గొంతు ఎవురిదైనా పెట్టవచ్చు. నువ్వే చెప్పు. నువ్వు దాని అమ్మవు కదా."

సారు మైకు తెచ్చారు. పాండియమ్మాళ్ కొంగు భుజం చుట్టూ లాక్కుని, మైకుకి మరీ దగ్గరగా వంగి, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా చెప్పింది. "నీల్లు కావాల."

బృంద అది ఎక్కించి కీబోర్డు పిల్ల ముందు పెట్టింది. ముత్తుమారి కుండ మీద గుద్ది, విని, మోచేత్తో కీబోర్డుని బల్ల అంచు దాకా తోసేసింది. మళ్ళీ పెట్టారు. పాండియమ్మాళ్ ఇంకా ముద్దుగా చెప్పింది, "అమ్మా, నీల్లు ఇయ్యమ్మా." మళ్ళీ తోసేసింది. ఈసారి తల్లి వైపు కోపంగా చూస్తూ తోసింది.

"ఏమే నీకు, నేను చెప్తే నచ్చదా? అమ్మ గొంతు పనికిరాదా?" అని పాండియమ్మాళ్‌కీ రోషం వచ్చింది. పిల్ల తల్లి కళ్ళలోకే చూస్తూ కుండ మీద గుద్దింది. ఒకసారి కాదు, పొద్దున దాహం మీదున్నప్పుడు గుద్దినట్టు, ఆగకుండా. ఆ గుద్దులు వింటుంటే పాండియమ్మాళ్ నడుము తనకి తెలియకుండానే నిటారైంది. గడ్డం పైకి లేచింది. ఒక చెయ్యి నడుము మీదకి పోయింది. ముసలామె అలాగే నిలబడేది.

"ఏమే పాండీ, నీల్లు తే! గొంతు ఎండిపోతుండాది!"

మారిసామి కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డాడు. ఆ చివర సాగదీయడం, మధ్యలో ఊపిరి తీసుకోవడం, పాండీ అన్న చోట విరుపు, ఒకటా రెండా, అన్నీ ఉన్నాయి. పాండియమ్మాళ్ తన నోటిని తనే చేత్తో మూసుకుంది. తన కడుపులో ఇన్నాళ్ళూ ఈమె కాపురముందని ఆమెకే తెలియదు. బృంద ఏమీ అనకుండా వేలెత్తి, కానీ అక్కా అని సైగ చేసింది. ఇక ఆపడం ఎవరి తరం? గంట బొమ్మకి "ఆకిలి అయితాది" వచ్చింది. పులికి "యాడ అని అడుగు" వచ్చింది. పక్కకి తిప్పమన్నదీ, బయట కూర్చోబెట్టి నాలుగు ముఖాలు చూడనివ్వమన్నదీ, ఒక్క మాట పొల్లుపోకుండా వచ్చాయి. తిట్టిన ప్రతిసారీ తనను తనే తిట్టుకుంటూ, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, అత్త పొగరుతోనే చెప్పింది.

ఏనుగు దగ్గర ఆగిపోయింది. "సంతోసం అంటే ఏమి చెప్పేదే?" అనగలిగింది. నవ్వు రాలేదు. రెండుసార్లు ప్రయత్నించింది. దగ్గులా వచ్చింది. నడుం మీద చెయ్యేసుకుని, ముక్కు ఎర్రబడి, ఏడుపు ముఖంతో నవ్వడానికి నానా అవస్థ పడుతున్న తల్లిని చూసి ముత్తుమారికి ఆగలేదు. తల వెనక్కి వాల్చి, ఒళ్ళంతా ఊగిపోయేలా, ఎక్కిళ్ళతో కలిసి వచ్చే ఆ గరగర నవ్వు నవ్వింది. మైకు తెరిచే ఉంది. బృంద ఆపబోయి, మారిసామి ముఖం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అన్నీ ఎక్కించడం అయ్యేసరికి కిటికీలోంచి ఎండ బల్ల మీదకి వచ్చింది. సారు కొత్త ఫ్లాపీలు ఒక కట్ట తెచ్చి ఒకదాని తర్వాత ఒకటి నకళ్ళు తీయిస్తున్నారు. ఒకటి తన బీరువాలో ఉంటుందన్నారు. గోదాములో కూడా వేద్దామా అని మాట వరసకి అడిగితే, పాండియమ్మాళ్ ఆయన సారని కూడా చూడకుండా "వద్దు" అంది. మా సందులో ఇంటికొకటి ఇస్తాను, ఎవురూ బొట్టు మాత్రం పెట్టకూడదు, అంది. అని, ఇక చాలు అన్నట్టు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. పొద్దున బస్సు దిగినప్పటి నుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు.

ముత్తుమారి అది చూసింది. కూర్చోవడం పూర్తిగా అయ్యేదాకా ఆగింది. అప్పుడు పిడికిలి ఎత్తి కుండ మీద గుద్దింది.

"ఏమే పాండీ, నీల్లు తే! గొంతు ఎండిపోతుండాది!"

"ఇదో వస్తి అత్తా," అని పాండియమ్మాళ్ గబుక్కున లేచి చెంబు కోసం వెతికింది.